ఏ ఆఫీసు? ఏ తేదీ?

జిల్లా కేంద్ర గ్రంథాలయం అనగానే చాలామందికి గుర్తొచ్చేది పేపర్లు చదివే హాలు. పొడవాటి బల్లలు, సినిమా పేజీ కోసం పక్కవాడి వంతు అయ్యేదాకా ఎదురుచూపులు. ఆ హాలు దాటి లోపలికెళ్తే రిఫరెన్స్ గది. అందులో నిఘంటువులూ విజ్ఞాన సర్వస్వాలూ అయ్యాక, వెలుతురు సరిగ్గా పడని గోడవారగా ఒక ఇనుప రాక్ ఉండేది. ముదురు రంగు కాలికో బైండ్లు, వీపు మీద సగం రాలిపోయిన బంగారు అక్షరాలు. సర్కారు పుస్తకాలు అనేవాళ్లు వాటిని. సర్కారు ప్రకటనలు అచ్చయ్యే గెజెట్లు, జనాభా లెక్కల సంపుటాలు, ఒక్కో జిల్లా వివరాలు చెప్పే మాన్యువళ్లు, శాసనసభ చర్చలు, కమిషన్ల నివేదికలు అన్నీ అక్కడే. నవలల బీరువా దగ్గర ఒక్క సాయంత్రం చేరేంతమంది ఈ రాక్ దగ్గరికి ఏడాదంతా కలిపినా వచ్చేవారు కాదు. వచ్చినవాళ్లు మాత్రం కాలక్షేపానికి వచ్చేవారు కాదు. పొలం నష్టపరిహారమో, సర్వీసు సీనియారిటీయో, పేరు మార్పో, ఊరి హద్దో, ఏదో ఒకటి తేలాల్సి ఉండేది.

అలా వచ్చిన మనిషి విషయం మొత్తం చెప్పేదాకా ఓపిగ్గా విని, లైబ్రేరియన్ అడిగే ప్రశ్నలు రెండే. "ఏ ఆఫీసు ఇచ్చిందండీ అది? ఏ తేదీన?"

మామూలు పుస్తకానికి విషయం చెబితే చాలు, లేదా రాసినాయన పేరు. సర్కారు కాగితం అలా దొరకదు. దాన్ని అచ్చువేసినవాళ్లు విషయాన్ని బట్టి కట్టలు కట్టలేదు. జారీ చేసిన శాఖనూ జారీ అయిన తేదీనీ బట్టి కట్టారు. ఆ రెండిట్లో ఒక్కటి తెలిసినా గంటలో పని అయ్యేది. రెండూ తెలియకపోతే ముందు వాటిని తెలుసుకోవడమే పని. పాత పేపరు కటింగులోనో, కోర్టు తీర్పులోనో, ఆఫీసు ఉత్తరం మీద 'రిఫరెన్స్' అన్న చోటనో అవి దొరికేవి.

కార్డు డ్రాయర్లు గుర్తున్నాయా? అయిదు అంగుళాలు, మూడు అంగుళాల కార్డులు. కింద నడిమధ్య చిల్లు, చిల్లులోంచి ఇత్తడి కడ్డీ, కార్డు ఎవరూ పీక్కుపోకుండా. చూపుడువేలితో వెనక్కి తోసుకుంటూ పోతే అంచులు నున్నగా తగిలేవి. ఎక్కువమంది వెతికిన చోట అంచు నల్లబడి ఉండేది. ఆ మరకను చూసే కొన్నిసార్లు డ్రాయరులో సరైన చోటు పట్టుకునేవాళ్లు. సర్కారు పుస్తకాలకు ఈ డ్రాయర్లలో ఒక కిటుకు ఉంది. వాటికి రచయిత సర్కారే. 'రిపోర్ట్ ఆన్...' అని ఆర్ అక్షరం దగ్గర వెతికితే ఏమీ రాదు. కేంద్రానిదైతే ఇండియా కింద, పాత కోస్తా, సీమ జిల్లాలదైతే మద్రాస్ కింద, నిజాం ఇలాకాదైతే హైదరాబాద్ కింద, 1956 తర్వాతిదైతే ఆంధ్రప్రదేశ్ కింద చూడాలి. ఆ పేరు తర్వాత శాఖ, దాని తర్వాతే పుస్తకం పేరు.

కమిషన్ల నివేదికల దగ్గర ఇదే పెద్ద తంటా. జనం నోట అధ్యక్షుడి పేరే నలుగుతుంది, కార్డు మీద ఉండేది మాత్రం అధికారిక నామం. మండల్ కమిషన్ నివేదిక కావాలంటే ఇండియా కింద, బ్యాక్‌వర్డ్ క్లాసెస్ కమిషన్ అని వెతకాలి. అక్కడా ఒక మెలిక ఉంది. 1955లో కాకా కాలేల్కర్ ఇచ్చిన నివేదికా అదే పేరుతో ఉంటుంది, 1980 నాటి మండల్‌దీ అదే పేరు. సంవత్సరం చూడకుండా చీటీ రాసిస్తే పాతికేళ్ల వెనకటి పుస్తకం చేతికొచ్చేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నాటి అనంతరామన్ కమిషన్, మురళీధరరావు కమిషన్ల నివేదికలతోనూ ఇదే చిక్కు. ఓపికున్న లైబ్రేరియన్లు అధ్యక్షుడి పేరుతో ఇంకో కార్డు రాసి, 'ఫలానా చోట చూడుము' అని పెట్టేవాళ్లు. అలా రాసిన ఒక్క కార్డు ఎన్ని వందలమందికి దారి చూపించిందో!

గెజెట్ల దగ్గరికొస్తే, ముందు తేల్చుకోవాల్సింది ఆ తేదీన ఆ ఊరు ఏ రాష్ట్రంలో ఉందన్నది. గుంటూరులోనో కర్నూలులోనో 1953 సెప్టెంబరు నెలాఖరు దాకా జరిగినదానికి ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజెట్ చూడాలి, మద్రాసు ప్రభుత్వ గెజెట్‌కు ఉన్న పేరు అది. 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 దాకా కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రపు గెజెట్. ఆ మూడేళ్ల సంపుటాలు రాక్‌లో సన్నగా, రెండు లావాటి వరుసల మధ్య ఇరుక్కుని ఉంటాయి. చాలామంది వాటిని దాటేసి, 1954 నోటిఫికేషన్ కోసం మద్రాసు సంపుటాలు తిరగేసి, లేదని వెళ్లిపోయేవారు. 1956 నవంబరు 1 తర్వాతే ఆంధ్రప్రదేశ్ గెజెట్.

దాని లోపల మళ్లీ భాగాలు. నోటిఫికేషన్లు, నియామకాలు, బదిలీలు ఒకటో భాగంలో, నియమాలు రూల్స్ సప్లిమెంటులో, బిల్లులు 4-ఎలో, చట్టాలు 4-బిలో. ఒక్కో భాగానికి పేజీ సంఖ్యలు విడివిడిగా నడుస్తాయి. అందుకే 'ఫలానా సంవత్సరం గెజెట్, 215వ పేజీ' అని రాసుకొస్తే చాలదు. ఆ ఏడాది 215వ పేజీలు నాలుగైదు ఉంటాయి. అసాధారణ గెజెట్లది ఇంకో దారి. వారం వారం వచ్చేదాంతో సంబంధం లేకుండా, అవసరం పడ్డ రోజున విడి నంబరుతో వస్తాయి. బైండింగుకు పంపేటప్పుడు వీటిని కొన్నిచోట్ల విడిగా కుట్టించేవారు, కొన్నిచోట్ల పురికొసతో కట్ట కట్టి పై అరలో పెట్టేసేవారు. గెజెట్లో లేదు అని తేల్చేముందు ఆ పై అర కట్ట దింపించుకోవాల్సిందే.

కేంద్ర గెజెట్ పేజీ ఒకటి దగ్గరగా చూద్దాం. తలకట్టు కింద ఊరు, వారం, తేదీ, ఆ పక్కనే గీత గీసి శక సంవత్సరపు తేదీ. 1957 మార్చి 22 నుంచి వచ్చిన పద్ధతి అది. చైత్రం 1 అంటే మార్చి 22, లీపు సంవత్సరమైతే మార్చి 21. శక సంవత్సరానికి 78 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, సంవత్సరం చివర, జనవరి 1కి సరిపోయే పుష్యం 11 నుంచి ఫాల్గుణం ఆఖరుదాకా మాత్రం 79 కలపాలి. ఫొటోస్టాట్‌లో పైగీత తెగిపోయి శక తేదీ ఒక్కటే మిగిలిన కాపీలు చాలా తిరిగేవి, వాటికి ఈ లెక్కే దిక్కు. నోటిఫికేషన్ మొదట్లో జి.ఎస్.ఆర్. (జనరల్ స్టాట్యుటరీ రూల్స్) అని ఉంటే అది పార్ట్ 2, సెక్షన్ 3, సబ్ సెక్షన్ (i). ఎస్.ఓ. (స్టాట్యుటరీ ఆర్డర్) అని ఉంటే సబ్ సెక్షన్ (ii). 1950ల నాటివాటి మీద ఎస్.ఆర్.ఓ. అని ఉంటుంది. ఈ మూడు పొట్టి అక్షరాలు తెలిసినవాడికి ఏ సంపుటం అడగాలో చీటీ రాయకముందే తెలిసిపోయేది.

జీవోల నంబర్లదీ అదే తీరు. జి.ఓ.ఎం.ఎస్. నంబర్ 610 అని అందరికీ నోటికి వచ్చు. దాని పూర్తి చిరునామా మాత్రం సాధారణ పరిపాలన శాఖ, 1985 డిసెంబరు 30. ప్రతి శాఖా జనవరిలో ఒకటో నంబరు నుంచి మొదలుపెడుతుంది. అదే ఏడాది రెవెన్యూ శాఖకూ ఒక 610 ఉండొచ్చు. పైగా ఎం.ఎస్. వరుస వేరు, రొటీన్ జీవోల ఆర్.టి. వరుస వేరు. నంబరూ శాఖా తేదీ మూడూ కలిస్తేనే ఒక జీవో అవుతుంది. ఒక్కటి తగ్గినా చేతికొచ్చేది ఇంకెవరి కాగితమో.

రైతులు ఎక్కువగా వచ్చేది భూసేకరణ నోటిఫికేషన్ల కోసం. 1894 నాటి చట్టం కింద, భూమి తీసుకోబోతున్నామని సర్కారు ముందుగా చెప్పే 4(1) నోటిఫికేషన్ తేదీ నాటి మార్కెట్ విలువనే పరిహారానికి లెక్క కట్టేవారు. కాబట్టి ఆ తేదీ ఏమిటన్నదే కాసుల లెక్క. 1984 సవరణ తర్వాత, 2014లో ఆ చట్టం పోయేదాకా, నోటిఫికేషన్ గెజెట్లో రావాలి, రెండు దినపత్రికల్లో రావాలి, ఊళ్లోనూ ప్రకటించాల్సి ఉండేది. వీటన్నిటిలో ఆఖరున జరిగినదాని తేదీయే ప్రచురణ తేదీ. 4(1) నుంచి ఏడాదిలోపు భూమి తీసుకుంటున్నామని ఖాయం చేసే ఆరో సెక్షన్ డిక్లరేషన్, అక్కణ్నించి రెండేళ్లలోపు పరిహారం తేల్చే అవార్డు రావాల్సి ఉండేది. అందుకని గెజెట్ ఒక్కటి చూపించి పంపడం సగం పనే. అదే నెల దినపత్రికల బైండు కూడా తీసి, స్థానిక ఎడిషన్లో ప్రకటన ఏ రోజు పడిందో చూడాలి. జిల్లా గెజెట్లో అచ్చయిన నోటిఫికేషన్లూ ఉండేవి కనుక రాష్ట్ర గెజెట్లో కనబడలేదని ఆగిపోకూడదు. దొరికాక కూడా ఇంకో ఆరు నెలల సంచికలు తిరగెయ్యాలి, 'ఎర్రేటం' అన్న శీర్షిక కోసం. సర్వే నంబరులో ఒక అంకె తప్పు పడితే దాన్ని దిద్దేది ఆ నాలుగు పంక్తుల్లోనే. 125/2 అని అచ్చయిన చోట 152/2 అని చదువుకోమని ఉంటుంది. అది చూడకుండా వెళ్లిపోయినవాళ్ల కేసు మొత్తం పక్కవాడి పొలం మీద నడిచినట్టే.

జనాభా లెక్కల అర అంటే ఇప్పటికీ మనసు అక్కడే ఆగిపోతుంది. ఊరూరి లెక్కా అందులో ఉంది. 1951 నుంచి జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులు వచ్చాయి. మనూళ్లో బడి ఉందా, చెరువు ఉందా, తంతి తపాలా ఎంత దూరం, సాగు ఎంత, మనుషులెంతమంది అన్నవన్నీ ఒక్క వరుసలో కనబడతాయి. 1961 లెక్కలప్పుడైతే ఆంధ్రప్రదేశ్‌లో ఎ. చంద్రశేఖర్ గారి ఆధ్వర్యంలో జాతర్లు, తిరునాళ్ల మీద జిల్లాల వారీ సంపుటాలు, కొన్ని ఎంపిక చేసిన గ్రామాల మీద విడి పుస్తకాలూ వచ్చాయి. ఏ ఊళ్లో ఏ అమ్మవారికి ఏ నెలలో జాతర జరుగుతుందో సర్కారు పుస్తకంలో చదవడం ఎంత ముచ్చటగా ఉండేదో, ఆ పేజీలు తిప్పినవాళ్లకే తెలుసు.

ఒక్క ఊరిని పట్టుకుని నడుద్దాం. వేటపాలెం. 1918 నుంచి సారస్వత నికేతనం ఉన్న ఊరు కాబట్టి గ్రంథాలయాల మాటల్లో దాన్ని తలుచుకోవడం సబబే. 1901 లెక్కల్లో వేటపాలెం కావాలంటే కృష్ణా జిల్లా చూడాలి, గుంటూరు జిల్లా 1904లో గానీ పుట్టలేదు. 1911 నుంచి 1961 దాకా గుంటూరు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. అందుకని 1971 లెక్కలకు డ్రాయరులో ఓ దగ్గరా పీ దగ్గరా రెండుచోట్లా చెయ్యి పెట్టాలి. 2011 దాకా ప్రకాశమే. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా, కానీ ఆ పేరుతో సెన్సస్ సంపుటం వెతికితే దొరకదు. ఊరు ఉన్నచోటే ఉంది, దాని జిల్లా పేరే నాలుగుసార్లు మారింది.

భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పుగోదావరి, తర్వాత చాలా ఏళ్లు ఖమ్మం. మునగాల పరగణా అదే ఏడాది దాకా కృష్ణా జిల్లా, తర్వాత 2016 దాకా నల్లగొండ. తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. ఈ తేదీలు ఒక చీటీ మీద రాసి డ్రాయరు మూతకు అంటించి ఉంచినచోట పని ఎంత సులువయ్యేదో చెప్పలేం.

పాత సంపుటాల నంబర్లు కూడా ఒక లెక్కన ఉండవు. మద్రాసు ప్రెసిడెన్సీది 1901లో 15వ సంపుటం, 1911లో 12, 1921లో 13, 1931లో 14. హైదరాబాదుది 1931లో 23. ఒక దశాబ్దపు నంబరు పట్టుకుని ఇంకో దశాబ్దపుది అడిగితే వేరే ప్రాంతపు పుస్తకం వస్తుంది. కులాలవారీ పూర్తి పట్టికలు 1931తో ఆఖరు. 1941లో యుద్ధం మూలంగా పట్టికలు బాగా కుదించేశారు. ఆ సంపుటం సన్నగా ఉండటానికి కారణం అదే, పేజీలు ఎవరో చించుకుపోయి కాదు.

ఊరు కనబడకపోవడానికి ఇంకో కారణం శివారు. సెన్సస్ పుస్తకం ఎంచేది రెవెన్యూ గ్రామాన్ని. మనం పుట్టి పెరిగిన పాలెమో గూడెమో శివారైతే దానికి విడిగా వరుస ఉండదు, జనం అసలు గ్రామం లెక్కలో కలిసిపోతారు. కాబట్టి ముందు ఊరి పొలాలకు శిస్తు ఏ గ్రామం పేరు మీద కట్టేవారో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రావాలి. ఉన్న గ్రామమే జనం లేక ఖాళీగా కనబడితే అది బేచిరాకు గ్రామం, అచ్చుతప్పు కాదు. 1981 పట్టికలు తాలూకాలవారీగా, 1991వి మండలాలవారీగా ఉంటాయి, మధ్యలో 1985లో మండలాలు వచ్చాయి కనుక. ఆ రెంటినీ నేరుగా పోల్చి 'జనాభా తగ్గింది' అని రాసినవాళ్లున్నారు. పోల్చాలంటే మండలంలోని ఒక్కో ఊరినీ 1981 తాలూకా పట్టికల్లోంచి ఏరి కూడుకోవాలి. ఒక మండలానికి ఒక పూట పడుతుంది. తెల్లకాగితం, పెన్సిలు, స్కేలు చాలు. స్కేలు వరుస కింద పెట్టుకోకపోతే కన్ను పై ఊరి అంకె మీదికి జారుతుంది.

తెలంగాణ జిల్లాల పాత కాగితానికి హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ వెళ్లాల్సిందే. 1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, మూసీ ఒడ్డున ఆ ఎత్తైన కట్టడం, లోపల మెట్ల చల్లదనం. నిజాం కాలపు గెజెట్‌ను జరీదా అంటారు, ఉర్దూలో ఉంటుంది. చదవడం వచ్చిన పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళ్లడం మామూలే. తేదీలు ఫసలీలో, అంటే శిస్తు లెక్కల సంవత్సరంలో. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం. కానీ ఒక తేడా గుర్తుంచుకోవాలి. మద్రాసు జిల్లాల్లో ఫసలీ జూలై 1న మొదలవుతుంది. ఫసలీ 1400 అంటే 1990 జూలై నుంచి 1991 జూన్. హైదరాబాదులో అది అజూర్ నెలతో, అక్టోబరు మొదటివారంలో మొదలయ్యేది. అక్కడి 1357 అంటే 1947 అక్టోబరు నుంచి. ఈ మూడు నెలల తేడా తెలియక ఆగస్టు కాగితాన్ని ఒక సంవత్సరం పక్క సంపుటంలో వెతికి విసిగినవాళ్లు ఎందరో.

జిల్లా మాన్యువళ్ల గురించి చెప్పుకుంటే పొద్దు చాలదు. విశాఖపట్నానికి కార్‌మైకేల్ 1869లో, నెల్లూరుకు బాస్వెల్ 1873లో, కృష్ణాకు గోర్డన్ మెకంజీ 1883లో, కర్నూలుకు నరహరి గోపాలకృష్ణమ చెట్టి 1886లో రాశారు. మన మనిషే రాసిన మాన్యువల్ అది. వీటిలో ఊళ్ల పేర్లు ఆనాటి ఇంగ్లీషు రూపంలో ఉంటాయి. ఏలూరు ఎల్లోర్‌గా, కాకినాడ కోకనాడగా, శ్రీకాకుళం చికాకోల్‌గా, విజయవాడ బెజవాడగా, బందరు మసూలిపటంగా. అకారాది సూచికలో ఈ పేర్లతోనే చూడాలి. వెనక అట్టలో సంచీలాంటి జేబులో మడత పటం ఉంటుంది. దాన్ని బల్ల మీద పూర్తిగా పరిచి, మడిచినదారినే మళ్లీ మడవాలి. చేతుల్లో ఎత్తి పట్టుకుని చూస్తే మడతల కూడలిలో చిరుగుతుంది, చిరిగేది ఎప్పుడూ ఊరి పేరున్న చోటే. దానికి సెల్లోటేపు అంటిస్తే పదేళ్లకు టేపు ఊడిపోయి, పసుపు మరకలో అక్షరం మునిగిపోయేది. అన్నం గంజితో పల్చటి కాగితం అంటించిన పాత చేతుల మరమ్మతే ఇన్నాళ్లూ నిలిచింది.

జిల్లాలో లేని సంపుటాలకు చెన్నైలో ఎగ్మూరు కన్నెమరా గ్రంథాలయం ఉంది, 1896లో తెరిచారు. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. సర్కారు ప్రచురణలకూ ఆ చట్టం వర్తిస్తుంది గానీ, 'కార్యాలయ ఉపయోగానికి మాత్రమే' అన్నవాటికి కాదు. అక్కడా దొరకని పుస్తకం ఉందంటే తరచూ కారణం ఇదే. వాటికోసం హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌నో, ఆ శాఖ సొంత లైబ్రరీనో పట్టుకోవాలి.

ఇప్పుడు చాలావరకు తెరమీదికి వచ్చింది. కేంద్ర గెజెట్ 2015 అక్టోబరు నుంచి కాగితం మీద అచ్చు ఆపేసి ఈ-గెజెట్‌గానే వస్తోంది. పాత సెన్సస్ సంపుటాలూ మాన్యువళ్లూ స్కాన్లుగా దొరుకుతున్నాయి. మంచిదే, శ్రీకాకుళం నుంచి చెన్నై బండెక్కాల్సిన పని తప్పింది. కానీ వెతుకుడు పెట్టెలో 'విజయవాడ' అని కొడితే 1883 పుస్తకం రాదు, బెజవాడ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. పట్టికల్లోని అంకెలను యంత్రం తప్పుగా చదువుతుంది, 3ను 8గా, 1ని 7గా. అంకె ఎప్పుడూ బొమ్మలోంచే రాసుకోవాలి. మొత్తం వరుస కూడి పుస్తకంలోని మొత్తంతో సరిచూసుకోవాలి. మడత పటాన్ని విప్పకుండానే స్కాన్ చేసినవి కోకొల్లలు. కోర్టుకో ఆఫీసుకో పెట్టాలంటే లైబ్రరీ ఫొటోస్టాటూ తెరమీది ప్రింటూ దారి చూపించడానికే పనికొస్తాయి. సంపుటం, భాగం, పేజీ, తేదీ రాసుకుని, జారీ చేసిన కార్యాలయం నుంచి ధ్రువీకరించిన నకలు తెచ్చుకోవాలి.

ఆ స్కాన్లలో కొన్నిటి మొదటి పేజీలో గుండ్రటి లైబ్రరీ ముద్ర, దాని కింద 'రిఫరెన్స్‌కు మాత్రమే' అన్న ఊదారంగు సిరా కనబడుతుంది. అక్కడక్కడ లోపలి అట్టకు అంటించిన చిన్న చీటీ కూడా బొమ్మలో పడింది. ఏ పేజీలు లేవో, ఏ సంచిక బైండు కాకుండా విడిగా ఉందో, అది ఏ అరలో ఉందో, నీలం సిరాతో గుండ్రటి అక్షరాల్లో రాసి పెట్టారు. కింద పొట్టి సంతకం, తేదీ.